సొన చిందని అల్లుడు

మా అమ్మ ముగ్గురు అల్లుళ్ళనీ ఒకే పరీక్ష పెట్టి ఎంచుకుంది. పల్చటి పిండి రేకులో గుడ్డు కొట్టి, కాస్త ట్యూనా చేప, తరిగిన కొత్తిమీర వేసి, మూలకు మూల మడిచి నూనెలో వేయించిన బ్రీక్ ఒకటి పళ్ళెంలో పెట్టి వచ్చినవాడి ముందుకు తోసేది. బ్రీక్ అంటే అంచులు కరకరలాడాలి, లోపల పచ్చసొన జారుతూ ఉండాలి. పెళ్ళికొడుకు దాన్ని చేత్తో పట్టుకుని, ఒక్క చుక్క సొన పళ్ళెంలో గాని గడ్డం మీద గాని పడకుండా చివరి ముక్కదాకా తినాలి. పడిందా, మర్యాదగా పుదీనా టీ ఇచ్చి పంపించేయడమే. ఇది మా అమ్మ కనిపెట్టిన ఆచారం కాదు. మా దేశంలో చాలా ఇళ్ళలో ఉండేది, ఇప్పుడు ఎక్కడైనా చేస్తే నవ్వులాటకి చేస్తారు. మా అమ్మ నవ్వులాటకి చేసేది కాదు.

నా పేరు దలందా. ట్యునీషియా రాజధాని ట్యూనిస్ పక్కన రేవు ఊరు లా గులెత్‌లో ఉంటాను. యాభై దాటాయి, విధవని, బట్టలు కుడతాను. కోపం తొందరగా వస్తుంది, ఆకలి అంతకంటే తొందరగా వస్తుంది. మా ఆయన బూబకర్ బడుల ఇన్‌స్పెక్టరుగా చేసి, ఆరేళ్ళ కిందట పోయాడు. ఆయన బ్రీక్ తిన్న తీరు గురించి మా వీధిలో ముసలివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. సొన పడలేదు సరే, తిన్నాక వేళ్ళు తుడుచుకున్న రుమాలుకి కూడా మరక అంటలేదు. మా అమ్మ ఆ రుమాలు పట్టుకుని నాలుగిళ్ళు తిరిగి చూపించింది. శుభ్రమైన మనిషి బూబకర్. ఆయన గురించి ప్రస్తుతానికి ఇంతే.

ఇప్పుడు నన్ను చేసుకుంటానంటున్న మనిషి పేరు మోంజీ. లా గులెత్ నుంచి లా మర్సా దాకా లోకల్ రైలు నడిపి రిటైరయ్యాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. చొక్కా కుట్టించుకోవడానికి నా దగ్గరికి వచ్చాడు. కాలరు బిగుతుగా ఉందని మళ్ళీ వచ్చాడు. గుండీలు సరిగ్గా లేవని మళ్ళీ వచ్చాడు. నా గుండీలకి వంక పెట్టినవాణ్ణి నేనెప్పుడూ క్షమించలేదు. ఇతన్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను, అప్పుడే నా మీద నాకు అనుమానం వచ్చింది.

చిక్కల్లా మోంజీ చేతుల దగ్గరుంది. రెండేళ్ళుగా వణుకుతున్నాయి. ప్రాణానికి ముప్పు లేదు, అలాగని తగ్గేదీ కాదు అన్నాడట డాక్టరు. ఒంటరిగా ఉంటే కొంచెం వణుకుతాయి, ఎవరైనా చూస్తుంటే ఎక్కువ వణుకుతాయి. ఎక్కడికెళ్ళినా టీ గ్లాసు సగమే పోయించుకుంటాడు. అలాంటి చేతులతో, మా అమ్మ కళ్ళెదుట, జారే సొన ఉన్న బ్రీక్ తినాలి.

ఈ వయసులో అమ్మ అనుమతి ఎందుకని మీరు అడగచ్చు. చట్టానికి అక్కర్లేదు, నాకు కావాలి. ఎనభై దాటిన అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఆమెని వదిలి నేను వెళ్ళలేను, ఆమె వద్దన్న మనిషిని ఆమె కూర్చునే గదిలోకి తెచ్చుకోలేను. మోంజీ సంగతి అమ్మకి చెప్పాను.

"మంచివాడే కావచ్చు. ముందు తిననీ, తర్వాత చూద్దాం" అంది.

అంతలో రైల్వే రిటైరైనవాళ్ళ సంఘం వసంతంలో యాత్ర పెట్టింది. కొన్నాళ్ళు బస్సులో కైరువాన్, ఎల్ జెమ్, స్ఫాక్స్. తర్వాత మా ఊరి రేవులోనే ఓడెక్కి సముద్రానికి అవతల ఇటలీ వాళ్ళ పలెర్మో, అక్కణ్ణుంచి మాల్టా మీదుగా వెనక్కి. మోంజీ తన పేరుతో పాటు మా ఇద్దరి పేర్లూ ఇచ్చాడు. అమ్మ వెంటనే ఒప్పుకుంది. ఊళ్ళు చూడ్డానికని నేననుకున్నాను. సంచీలో కారం ముద్ద సీసా సర్దుకుంటూ అసలు సంగతి చెప్పింది.

"ఇన్ని ఊళ్ళు తిరుగుతాం. ఎక్కడో ఒకచోట మంచి బ్రీక్ దొరక్కపోదు."

ఆ సాయంత్రమే మోంజీని రేవు గోడ దగ్గరికి పిలిచాను.

"చేతుల సంగతి చెప్పేద్దాం దలందా. ఎన్నాళ్ళు దాస్తాం?" అన్నాడు.

"చెప్తే అక్కడికక్కడే పుదీనా టీ కాస్తుంది. ఈ యాత్రలో ఎక్కడా బ్రీక్ జోలికి పోకు. ఈలోగా నువ్వంటే అమ్మకి ఇష్టం కలగాలి. ఇష్టం కలిగాక పరీక్ష మర్చిపోతుంది."

"మీ అమ్మ మర్చిపోతుందా?"

"నోర్మూసుకుని చెప్పింది చెయ్యి" అన్నాను. ప్రేమగానే అన్నాను.

బస్సు బయల్దేరింది. సంఘం కార్యదర్శి షెడ్లీ మైకు పట్టుకున్నాడు, మళ్ళీ దింపలేదు. ఒకప్పుడు స్టేషన్లో రైళ్ళ రాకపోకలు చెప్పేవాడు, ఇప్పుడు ఆలివ్ చెట్టు కనబడినా చెప్తున్నాడు. కైరువాన్‌లో పెద్ద మసీదు చూసి, ఆ విశాలమైన రాతి ముంగిట్లో కాసేపు నీడన కూర్చుని, మధ్యాహ్నం భోజనానికి బజారుకి వచ్చాం. అమ్మ ముక్కు పైకెత్తి గాలి పీల్చింది. కోట గుమ్మం పక్కన నూనె మూకుడు పెట్టుకున్న కొట్టు ఒకటి ఆమెకి కనబడింది.

"రా నాయనా మోంజీ, ఇక్కడ కూర్చుందాం" అంది.

మోంజీ నా వంక చూసి, గొంతు సవరించుకున్నాడు. "నేను ఉపవాసమున్నాను లల్లా మన్నూబియా" అన్నాడు. అమ్మ పేరది, లల్లా అంటే అమ్మగారని.

"ప్రయాణంలో ఉపవాసమేమిటి? ప్రయాణం చేసేవాళ్ళకి మినహాయింపు ఉందిగా?"

"మొక్కు, లల్లా."

అమ్మ కళ్ళల్లో గౌరవం కనబడింది. నేను లోపల్లోపల మెచ్చుకున్నాను. మేం గొర్రె మాంసం తిన్నాం, ఖర్జూరం కూరి నూనెలో వేయించి తేనెలో ముంచిన మక్రూద్ తిన్నాం, మళ్ళీ తిన్నాం. మోంజీ మా పక్కనే కూర్చుని గోడ మీది పలకల నగిషీ చూశాడు. కైరువాన్ వెళ్ళి మక్రూద్ వాసన మాత్రమే చూసొచ్చిన మనిషి మా దేశంలో ఇతనొక్కడే అయి ఉంటాడు.

అయితే మొక్కని చెప్పేటప్పుడు ఇతనొక సంగతి మర్చిపోయాడు, నేనూ మర్చిపోయాను. ఉపవాసం విడిచే వేళ మా ఇళ్ళలో ముందుగా బల్ల మీదకి వచ్చేది ఏమిటి? రంజాన్ నెలంతా ఏం తింటాం? బ్రీకే. సూర్యుడు దిగేసరికి మేం ఎల్ జెమ్‌లో బసకి చేరాం. అమ్మ ఎప్పుడు వంటింట్లోకి వెళ్ళిందో తెలీదు, రెండు చేతులా పళ్ళెం పట్టుకుని వచ్చింది.

"మొక్కు తీరినవాడు, ముందు నువ్వే తినాలి. బిస్మిల్లా అను."

మోంజీ "బిస్మిల్లా" అని ఖర్జూరాల గిన్నె అందుకున్నాడు. తర్వాత పాల గిన్నె, తర్వాత సూపు. ఒక గిన్నె తాగి ఇంకో గిన్నె అడిగాడు, అది తాగి మూడోది అడిగాడు. నాకు నవ్వూ భయమూ కలిసి వచ్చాయి. చివరికి పొట్ట పట్టుకుని, "అల్హమ్దులిల్లా, ఇక ఊపిరాడదు లల్లా" అన్నాడు. అప్పటికి బ్రీక్ మెత్తబడింది. అమ్మ దాని వంక జాలిగా చూసింది.

"చల్లారిన బ్రీక్‌తో పరీక్ష పెడితే పాపం. ఇంకో చోట చూద్దాంలే."

మర్నాడు పొద్దున్న రోమన్ల నాటి గోదా చూశాం. ఊరి మధ్యలో కొండంత రాతి కట్టడం. మా అమ్మ కింద నిలబడి చూసి సరిపెట్టుకునే రకం కాదు, పై వరసదాకా ఎక్కుతానంది. మెట్లు అరిగిపోయి ఉన్నాయి. మోంజీ చెయ్యి అందించాడు, అమ్మ పట్టుకుంది. నేను వెనక ఉన్నాను. అతని చెయ్యి, ఆ చెయ్యి పట్టుకున్న అమ్మ చెయ్యి రెండూ కలిసి వణకడం నాకు కనబడుతూనే ఉంది.

"ఏమిటయ్యా, నీ చెయ్యి ఇలా కొట్టుకుంటోంది?" అంది అమ్మ.

"ఎత్తంటే భయం లల్లా" అన్నాడు మోంజీ. అబద్ధమాడితే ఇతని చెవులు ఎర్రబడతాయని అప్పుడే తెలిసింది.

"మరి భయపడుతూ ఎందుకెక్కావు?"

"మీరు ఎక్కుతున్నారు కదా."

పైన గాలికి అమ్మ ఒంటి చుట్టూ కప్పుకునే తెల్లటి దుప్పటి, సఫ్సారీ, ఎగురుతుంటే కొంగు బిగించి పట్టుకుని, కింద పొలాల మీదుగా ఆలివ్ తోటలు కనబడినంత మేరా చూసింది. దిగేటప్పుడు కూడా ఆ చెయ్యే పట్టుకుంది.

స్ఫాక్స్‌లో భోజనం దగ్గర మోంజీ కొత్త సాకు చెప్పాడు. గుడ్లు పడవట, డాక్టరు వద్దన్నాడట. అమ్మ సరేనని చేపతో సరిపెట్టింది. నిజానికి ఆ ఊరి చేపతో ఎవరైనా సరిపెట్టుకుంటారు. మర్నాడు పొద్దున్న నేను హాల్లోకి వచ్చేసరికి అమ్మ మోంజీ బల్ల పక్కన నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. అతని ముందు మట్టి గిన్నెలో టమాటా పులుసు, అందులో కళ్ళు తెరుచుకుని రెండు గుడ్లు. సగం తినేశాడు.

"ఇవేమిటి?" అంది అమ్మ.

"ఇవి... టమాటాలో పడ్డాయి లల్లా."

"వాటంతటవే పడ్డాయా?"

బస్సులో అందరికీ తెలిసిపోయింది. షెడ్లీ మైకులో, "ప్రయాణికులకు గమనిక, ఎడమ వైపు కోళ్ళ ఫారం, మోంజీ గారు కళ్ళు మూసుకోవలసిందిగా కోరుతున్నాం" అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు. ఆమె మౌనంగా ఉంటే ఏదో లెక్క వేస్తోందని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. పరీక్ష తప్పడం వేరు, అబద్ధాలకోరని పేరు పడటం వేరు. పరీక్ష ఇతని చేతుల్లో ఉంది గాని, అబద్ధాలు నేను చెప్పించినవి.

మేం లా గులెత్ తిరిగొచ్చి ఓడెక్కాం. పుట్టినప్పటినుంచీ ఆ రేవులోకి వచ్చే పెద్ద ఓడల్ని కింద నిలబడి చూశాను, పైనుంచి మా ఊరు చూడ్డం అదే మొదలు. మా వీధి, మా మేడ మీద నేనే ఆరేసి మర్చిపోయిన దుప్పటి కూడా కనబడ్డాయి. అమ్మకీ నాకూ ఒక గది, మోంజీకి షెడ్లీతో ఇంకో గది. షెడ్లీ నిద్రలో కూడా స్టేషన్ల పేర్లు చదువుతాడట, ఆ బాధ పడలేక మోంజీ పగలంతా ఓడ పై అంతస్తులోనే కూర్చునేవాడు.

మొదటి పొద్దున్న భోజనాల హాల్లో బల్లల మీద తెల్లటి గుడ్డలు పరిచి ఉన్నాయి. అంత తెల్లటి గుడ్డ చూస్తే నాకు ముద్ద దిగదు. కాఫీ పోసుకుంటుంటే ఓడ కాస్త పక్కకి ఒరిగింది, చుక్క కాదు, అరచెయ్యంత మరక పడింది. నేను ఏం చేస్తున్నానో నాకు తెలిసేలోపే నా చెయ్యి సాసరు తీసి మరక మీద బోర్లించేసింది. బల్ల చుట్టూ ఎవరు చూశారోనని తలెత్తాను.

బూబకర్ అరిచేవాడు కాదు. గుడ్డ మీద చుక్క పడితే చెంచా కింద పెట్టి, దాని వంకే చూస్తూ కూర్చునేవాడు. నేను లేచి బల్లంతా ఖాళీ చేసి, గుడ్డ మార్చి, మళ్ళీ వడ్డించేదాకా ఎవరూ ముద్ద ఎత్తకూడదు. ఆ తర్వాత ఎన్నో రోజులు నాతో మాట్లాడేవాడు కాదు. ఎన్ని రోజులో ముందుగా తెలిసేది కాదు, అదే శిక్ష. కొట్టలేదు, తిట్టలేదు, అందుకే ఎవరికీ చెప్పుకోలేకపోయాను. మా అక్కలు నన్ను చూసి, నీకేమే, అద్దంలాంటి ఇల్లు అనేవాళ్ళు.

మోంజీ ఆ సాసరు ఎత్తి చూశాడు. నా మొహం చూశాడు. తన సగం కప్పు కాఫీ ఎత్తాడు, అది ఎలాగూ వణికింది, నా మరక పక్కన ఇంకో మరక పడింది.

"ఒకటే అయితే బాగోదు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది, రెండూ రొట్టెతో కలిపి మింగేశాను. ఎదురుగా అమ్మ అంజూరపు మురబ్బా పూసుకుంటోంది. చూసిందో లేదో తెలియలేదు.

పలెర్మోలో ఎండ మా ఊళ్ళోలాగే ఉంది, బజారు మా ఊళ్ళోలాగే ఉంది, అరుపులు మాకంటే ఎక్కువ. వీధిలో శనగపిండి బిళ్ళలు వేయించి రొట్టెలో పెట్టి ఇచ్చారు, అమ్మ సంచీలోంచి కారం సీసా తీసి దాని మీద దట్టించింది. అమ్మేవాడు రుచి చూస్తానని అడిగి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇంకొంచెం అడిగాడు. పెద్ద చర్చి వాకిట్లో ఒక స్తంభం మీద మా అరబ్బీ అక్షరాలు చెక్కి ఉన్నాయి, పాత కాలంలో అక్కడ మసీదు ఉండేదట. అమ్మకి చదువు రాదు. మోంజీ ఆమె పక్కన నిలబడి ఒక్కో మాటా చదివి వినిపించాడు. ఆమె వేలు స్తంభం మీద ఆ గీతల వెంబడి కదిలింది.

"అందరూ దీన్ని వదిలేసి వెళ్ళిపోయారు, ఇదొక్కటీ ఇక్కడే నిలబడిపోయింది పాపం" అంది.

మధ్యాహ్నం మాకు చేపల పులుసుతో కుస్కుస్, ఆవిరి మీద ఉడికించిన గోధుమ రవ్వ, వడ్డించారు. అమ్మకి కోపమొచ్చింది.

"ఇది మనది. వీళ్ళ దగ్గరికెలా వచ్చింది?"

"ఎదురు బొదురు ఊళ్ళు కదమ్మా, సముద్రం మీదుగా వచ్చుంటుంది."

"వస్తే వచ్చింది, రెండోసారి ఆవిరి పెట్టాలని చెప్పేవాళ్ళే లేకపోయారా?" అని వడ్డించేవాణ్ణి పిలిచి, చేతులతో ఆవిరి ఎలా పట్టాలో చూపించింది. వాడికి మా భాష రాదు, ఆమెకి వాడిది రాదు, ఇద్దరూ బాగానే దెబ్బలాడుకున్నారు. చివరికి పళ్ళెం ఖాళీ చేసి, రెండోసారి కూడా పెట్టించుకుంది.

వెనక్కి ఓడ ఎక్కుతుండగా అమ్మ పిడుగు వేసింది. ఓడ వంటింట్లో మన దేశపు రేవు ఊరు మహ్దియా కుర్రాడు లమ్జెద్ అని ఉన్నాడట, కారం సీసా వాసన పట్టుకుని అతనే వచ్చి పలకరించాడట. తిరుగు ప్రయాణంలో ఆఖరి భోజనానికి ముగ్గురికి బ్రీక్ చేసి పెడతానన్నాడట.

"ఇక ఉపవాసాలూ డాక్టర్లూ వద్దు" అంది అమ్మ, మోంజీతో కాదు, నాతో.

మాల్టాలో ఏం చూశానో నాకు సరిగ్గా గుర్తులేదు. పసుపు రంగు రాళ్ళు, నీలం నీళ్ళు, ఎక్కడ చూసినా మెట్లు. అందరూ వేడి జున్ను బూరెలు తింటుంటే నాకు దిగలేదు. నాకు ఆకలి లేదంటే మోంజీ భయపడ్డాడు.

"దలందా, ఈ రాత్రి భోజనం ముందే చెప్పేస్తాను. నువ్వు అడ్డం రాకు."

"చెప్తే అయిపోయినట్టే."

"తింటే మాత్రం అవదా?"

నేను వినలేదు. ఓడ కదిలాక తిన్నగా వంటింటి తలుపు దగ్గరికెళ్ళి లమ్జెద్‌ని పిలిపించాను. ముప్పై ఏళ్ళుంటాయి, మోచేతుల దాకా పిండి.

"తమ్ముడూ, ఒక్క సాయం చెయ్యాలి. ఆ మూడింటిలో ఒకదాన్ని, ఆయన ముందు పెట్టేదాన్ని, సొన గట్టిపడేదాకా వేయించు."

కుర్రాడు నేనేదో బూతు మాట అన్నట్టు చూశాడు. "అక్కా, గట్టి సొన బ్రీకా? మా అమ్మకి తెలిస్తే నన్ను ఇంట్లోకి రానివ్వదు."

మొత్తం చెప్పాను. చేతుల సంగతి, పరీక్ష సంగతి. బూబకర్ సంగతి కూడా, ఎందుకో ఆ పరాయి కుర్రాడికి చెప్పేశాను. వాడు పిండి చేతులతోనే కళ్ళు తుడుచుకుని, సరే అక్కా అన్నాడు.

సూర్యుడు నీళ్ళలోకి దిగుతున్నప్పుడు భోజనానికి కూర్చున్నాం. కిటికీలోంచి వెలుగు వచ్చి తెల్లటి బల్లగుడ్డ మీద పడుతోంది. అమ్మ ఉతికిన సఫ్సారీ కప్పుకుని, మోంజీ పక్కనే కూర్చుంది. పక్క బల్లలో షెడ్లీ, సంఘం వాళ్ళంతా తిండి మానేసి మా వైపు తిరిగారు. ఇంతమంది చూస్తున్నారని నేను మోంజీ చేతుల వంక చూశాను. అవి బల్ల కింద ఉన్నాయి.

లమ్జెద్ స్వయంగా పళ్ళేలు తెచ్చాడు. మోంజీ ముందు పెట్టేటప్పుడు నా కళ్ళలోకి చూడలేదు. అప్పుడే నాకు తెలిసిపోయింది. తర్వాత చెప్పాడు, తీసే ఘడియ వచ్చేసరికి చెయ్యి ఊరుకోలేదట, అలవాటు కొద్దీ నూనెలోంచి తీసేసిందట. మహ్దియా వాడితో గట్టి సొన చేయించాలనుకోవడం నా తెలివితక్కువతనం.

"బిస్మిల్లా" అంది అమ్మ.

మోంజీ రెండు చేతులూ పైకి తెచ్చాడు. బ్రీక్ రెండు మూలలు పట్టుకున్నాడు. అది అతని చేతుల్లో గాలికి ఆకు ఊగినట్టు ఊగింది. కొరికాడు. సొన బయటికొచ్చింది. గడ్డం మీద పడింది, కొత్త చొక్కా మీద, నేను కాలరూ గుండీలూ మార్చిన చొక్కా మీద పడింది, బల్లగుడ్డ మీద పడింది, ఎగిరి అమ్మ తెల్లటి సఫ్సారీ మీద, భుజం నుంచి చెయ్యి దాకా పడింది.

అయిపోయింది, ఇక పుదీనా టీయే అనుకున్నాను.

మోంజీ బ్రీక్ వదిలేశాడు. తన గడ్డం తుడుచుకోలేదు, చొక్కా చూసుకోలేదు. రుమాలు నీళ్ళలో తడిపి అమ్మ చేతి మీద అద్దాడు. "వేడిగా ఉంది లల్లా, కాలిందా? చర్మం మీద పడిందా?"

పక్క బల్ల నుంచి షెడ్లీ లేచి నిలబడ్డాడు. "ఓడ ఊగింది! నేను చూశాను, ఓడ ఊగింది! ఇది లెక్కలోకి రాదు!" సంఘమంతా, ఊగింది ఊగింది అని అందుకున్నారు. దేవుడు చల్లగా చూడాలి వాళ్ళని. మోంజీ ఒక్కసారి తల ఊపితే చాలు.

"ఓడ ఊగలేదు" అన్నాడు మోంజీ. చెవులు ఎర్రబడలేదు. "నా చెయ్యి ఊగింది లల్లా. రెండేళ్ళుగా ఊగుతోంది. ఇక ఆగదు. ఉపవాసమూ అబద్ధమే, డాక్టరూ అబద్ధమే. ఎత్తంటే నాకు భయం లేదు. క్షమించండి."

"అవన్నీ నేను చెప్పించానమ్మా" అన్నాను.

అమ్మ తన సఫ్సారీ మీద పచ్చటి మరక చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఎత్తంటే భయమన్నవాడు రోజంతా ఓడ పై అంతస్తులో కూర్చుంటాడా? మెట్ల మీద ఆ చెయ్యి పట్టుకున్నదాన్ని నేను. నాకు చెప్పాలా?"

"మరి తెలిసి ఎందుకు..."

"తెలుసు గనకే. చిందించాక ఏం చేస్తాడో చూద్దామని." రుమాలు పట్టుకున్న మోంజీ చెయ్యి ఇంకా ఆమె చేతి మీదే వణుకుతోంది, ఆమె తీసెయ్యలేదు. "నీ మొగుడు ఒక్క చుక్క చిందించలేదే. రుమాలు పట్టుకుని ఊరంతా తిరిగాను. తర్వాత మీ ఇంటికొచ్చి కూర్చున్నప్పుడల్లా చూశాను. ఆయన ముందు పళ్ళెం పెట్టేటప్పుడు నీ చెయ్యి వణికేది. మా ఇంట్లో వణికేది కాదు, అక్కలిళ్ళలో వణికేది కాదు, అక్కడే. చూసి నోరు మూసుకున్నాను. నేను ఎంచి తెచ్చిన అల్లుడు కదా, ఏమని అనను? మొన్న ఇక్కడ సాసరు బోర్లించావే, ఆయన పోయి ఇన్నేళ్ళయినా, అప్పుడు నాకు తల తీసేసినట్టయింది."

ఆమె గొంతు ఆగింది. మా అమ్మ గొంతు ఆగడం నేను నాన్న పోయినప్పుడు విన్నాను, మళ్ళీ ఇప్పుడే.

"ఇతని చెయ్యి వణుకుతుందంటావా, వణకనీ" అంది. "నీది వణక్కపోతే చాలు."

నేను ఏడ్చాను. అంతమంది ముందు, ముక్కు చీదుకుంటూ, సిగ్గు లేకుండా ఏడ్చాను. షెడ్లీ కూడా ఏడుస్తున్నాడని తర్వాత చెప్పారు, నేను చూడలేదు. అమ్మ రొట్టె ముక్క తుంచి, మోంజీ పళ్ళెంలో ఒలికిన సొన అద్దుకుని నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు తక్కువేశాడు" అంది. "ఏమిటలా చూస్తారు? తినండి. చల్లారితే దేనికీ పనికిరాదు."

నేను నా బ్రీక్ ఎత్తి కొరికాను. నోరు కాలింది, సొన చుబుకం మీదుగా జారి తెల్లటి గుడ్డ మీద పడింది. నా చెయ్యి దానంతటదే సాసరు కోసం వెళ్ళింది. అక్కడ సాసరు లేదు. అమ్మ ముందే దాన్ని తీసి పక్క బల్ల మీద, షెడ్లీ ముందు పెట్టేసింది.